సూదిమొన మీద మన చరిత్ర

స్వర్ణోత్సవ సంచికలో ప్రధానోపాధ్యాయుల సేవలు, విద్యార్థుల ర్యాంకులు, ఆటల్లో గెలిచిన కప్పులు తప్పక ఉంటాయి. ఉండాలి కూడా. అయితే మనలో చాలామందిని బడికి పంపిన ఇళ్లలో మరో పని కూడా నడిచేది. దాన్ని ఎవరూ పని అనలేదు. అది కుట్టుపని. కోనసీమలో దానికున్న చరిత్రను మన సంచికలో కొంతైనా నమోదు చేయాలని ఈ ప్రయత్నం.

అన్నిటికంటే పాతది బొంత. వాడి మెత్తబడిన నూలు చీరలను నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు మడిచి, పొరలు జారిపోకుండా ముందు దూరం దూరంగా కుట్లు వేస్తారు. తరువాత ఈ చివర నుంచి ఆ చివర దాకా దగ్గర దగ్గరగా వరసలు కుడతారు. ఆ వరసలే పొరలన్నిటినీ ఒక్క గుడ్డ చేస్తాయి. పుట్టిన బిడ్డకు అమ్మమ్మ ఇచ్చే మొదటి కానుక చాలా ఇళ్లలో ఇదే.

రెండోది లేసు. దీని కథ వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున మొదలైంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే దిగేది నరసాపురం. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు అక్కడి పేద స్త్రీలకు ఈ అల్లిక నేర్పారని చెబుతారు. క్రమంగా అది రైతు కుటుంబాల్లోకీ, ఏరు దాటి మన రాజోలు, అమలాపురం వైపు ఊళ్లకూ వచ్చింది. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు, అల్లినవి తీసుకుని లెక్కన డబ్బు ఇస్తాడు. అరుగు మీద అల్లిన లేసు ఓడలెక్కి విదేశాలకు వెళ్లేది. అల్లిన మనిషి పేరు మాత్రం ఊరు దాటేది కాదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఆ ప్రాంతానికి వచ్చి పరిశోధించి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం వెలువరించారు. ఇంటిచాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నా ఆ స్త్రీలను ఎవరూ కార్మికులుగా లెక్కించలేదని ఆమె చూపించారు. గృహిణులు తీరిక వేళ చేసుకునే పని అన్నారు. ఆ పేరు వల్లనే కూలి అంత తక్కువగా ఉండిపోయింది. మనలో కొందరి పరీక్ష ఫీజులు ఆ ‘తీరిక’లోంచే వచ్చాయి.

మూడోది కుట్టుమిషను. దాని మీద ఎంబ్రాయిడరీ చేసేవారు గుడ్డను నొక్కిపట్టే పాదం తీసేసి, కింద గుడ్డను ముందుకు నెట్టే పళ్లను దించేసి, రింగులో బిగించిన గుడ్డను చేత్తోనే తిప్పుతారు. కాలి వేగానికి చేతి కదలిక సరిపోవాలి. చేయి తొందరపడితే కుట్టు సాగుతుంది, ఆగితే దారం ముద్ద కడుతుంది. ఆ పట్టు సాధనతో తప్ప రాదు. రింగు లేకుండా, దూది పెట్టిన బొంత మీద ఇదే పద్ధతిలో తీగలూ పూలూ కుడితే దాన్ని ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అంటారు. అమెరికాలో దీన్ని కళగా ఆదరిస్తారు, ప్రదర్శనలు పెడతారు. మన పెద్దలు దబ్బనంతో వేసిన వరసలూ ఆ కోవలోవే.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని గుర్తింపు ఊరి పేరుకు వస్తే చాలదు, చేతికి కూలి రూపంలో రావాలి. యంత్రాల లేసుతో ధరలో పోటీపడలేక ఎందరో సూది పక్కన పెట్టేశారు.

అందుచేత మన సంఘానికి ఒక మనవి. సభల్లో అతిథులకు బజారు జ్ఞాపికలకు బదులు మన ఊళ్ల స్త్రీలు చేసిన చిన్న వస్తువులు ఇద్దాం: లేసు అంచు రుమాలు, చిన్న పర్సు, పుస్తకం పెట్టుకునే బొంతకుట్టు సంచి. బేరమాడకుండా, పట్టిన గంటలు లెక్కగట్టి డబ్బు ఇద్దాం. వారికి ఇష్టమైతే వస్తువు మూలన కుట్టిన వారి పేరు కూడా ఉండాలి. మన పేర్లు హాజరుపట్టీలో ఉన్నాయి. వారి పేర్లు ఇంతవరకు ఎక్కడా లేవు.