కారులో క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సార్ లోపాలు: గుర్తించే క్రమం

కారు డ్యాష్‌బోర్డుపై 'చెక్ ఇంజిన్' దీపం వెలిగి, స్కానర్‌లో పి0420 అనే కోడ్ కనిపించగానే క్యాటలిటిక్ కన్వర్టర్ చెడిపోయిందని నిర్ధారించడం తొందరపాటు అవుతుంది. కన్వర్టర్ పనితీరు పరిమితి కంటే తక్కువగా నమోదైందని మాత్రమే ఆ కోడ్ తెలుపుతుంది. కారణాన్ని అది చెప్పదు. విలువైన లోహాలతో తయారయ్యే ఈ భాగం ఖరీదైనది. అందువల్ల పరీక్షల క్రమం తెలిసి ఉంటే వాహనదారులు అనవసర వ్యయాన్ని తప్పించుకోవచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్, భిలాయి నగరాల మధ్య 53వ జాతీయ రహదారిపై ఉన్న కుమ్హారి పట్టణం ఇందుకు తగిన ఉదాహరణ. ఉక్కు కర్మాగారం కారణంగా ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన ప్రాంతమిది. ఊరి లోపల రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో కన్వర్టర్ తగినంత వేడెక్కదు. రహదారిపై నిలకడగా సాగే ప్రయాణంలో అది పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుంది. కాబట్టి కారు ఏ విధంగా వినియోగంలో ఉందన్నది కూడా పరీక్షకు ముందు తెలుసుకోవలసిన అంశమే.

పనిచేసే విధానం

సైలెన్సర్ గొట్టంలో ఇంజిన్‌కు సమీపంగా అమర్చే కన్వర్టర్ లోపల తేనెపట్టును పోలిన దిమ్మె ఉంటుంది. దానిపై ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పూత ఉంటుంది. సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరిన తరువాత ఇది కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, కాలని ఇంధన ఆవిరులను నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్‌లుగా, నైట్రోజన్ ఆక్సైడ్‌లను నైట్రోజన్‌గా మారుస్తుంది. ఈ మూడు పనులూ ఏకకాలంలో జరగాలంటే గాలి, పెట్రోలు సరైన పాళ్లలో కలవాలి. స్వచ్ఛమైన పెట్రోలుకు ఆ నిష్పత్తి బరువులో 14.7:1. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అది కొంత తగ్గుతుంది.

ఈ పాళ్లను గమనించేది కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సార్. కన్వర్టర్ పనితీరును పర్యవేక్షించేది దాని వెనుక ఉన్న రెండో సెన్సార్. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. సీసం కన్వర్టర్‌ను నిర్వీర్యం చేస్తుంది కనుక సీసం లేని పెట్రోలు సరఫరా కూడా అప్పుడే మొదలై, 2000 నాటికి దేశమంతటికీ విస్తరించింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి.

మొదట చూడవలసినవి

స్కానర్‌లో ఒకటి కంటే ఎక్కువ కోడ్‌లు ఉంటే, మిగిలిన వాటిని సరిచేసిన తరువాతే పి0420ను పరిశీలించాలి. పి0300 సిలిండర్లలో ఇంధనం సరిగా మండడం లేదని సూచిస్తుంది. పి0171 మిశ్రమంలో ఇంధనం తక్కువైందని, పి0172 ఎక్కువైందని తెలుపుతాయి. పి0133 ముందు సెన్సార్ స్పందన మందగించిందనడానికి, పి0135 దానిలోని హీటర్ సర్క్యూట్‌లో లోపం ఉందనడానికి సంకేతాలు. కోడ్‌లను చెరిపివేసే ముందు, దీపం వెలిగిన క్షణంలో నమోదైన వేగం, వేడి, ఇంజిన్ భారం వివరాలను రాసిపెట్టుకోవాలి.

తరువాత సైలెన్సర్ గొట్టంలో లీకులను వెతకాలి. సెన్సార్‌కు ముందున్న చిన్న పగులు గుండా బయటి గాలి లోపలికి చేరితే, సెన్సార్ ఆ ఆక్సిజన్‌ను చూసి ఇంధనం తక్కువైందని పొరబడుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయగానే వినిపించే బుసబుస శబ్దం, అతుకుల వద్ద నల్లని మసి దీనికి ఆనవాళ్లు.

సెన్సార్ల పరీక్ష

పాత తరహా జిర్కోనియా సెన్సార్ వోల్టేజి, ఇంజిన్ వేడెక్కిన తరువాత, 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య త్వరత్వరగా మారుతూ ఉండాలి. అది ఒకే చోట నిలిచిపోయినా, చాలా నెమ్మదిగా కదిలినా సెన్సార్‌ను లేదా దాని తీగలను అనుమానించాలి. అయితే సెన్సార్ ఉన్న పరిస్థితిని ఉన్నట్లే చెబుతూ ఉండవచ్చు. కాబట్టి యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా తొక్కి వదిలి, రీడింగ్ పైకి, కిందికి స్పందిస్తున్నదో లేదో చూడాలి. కొత్త కార్లలో ఉండే వైడ్‌బ్యాండ్ సెన్సార్‌కు ఈ వోల్టేజి కొలతలు వర్తించవు. దానికి తయారీదారు ఇచ్చిన విలువలనే ఆధారంగా తీసుకోవాలి.

కన్వర్టర్ సక్రమంగా ఉంటే వెనుక సెన్సార్ వోల్టేజి దాదాపు స్థిరంగా ఉంటుంది. అది ముందు సెన్సార్‌తో సమానంగా ఊగిసలాడితే, లీకులు లేవని తేలిన పక్షంలో, కన్వర్టర్ బలహీనపడినట్లు భావించవచ్చు.

కన్వర్టర్ మూసుకుపోయిందా?

వేగం పెంచినప్పుడు కారు బలం తగ్గడం, ఎత్తుకు ఎక్కలేకపోవడం దీని లక్షణాలు. ముందు సెన్సార్‌ను విప్పి, ఆ రంధ్రంలో పీడన మాపకాన్ని అమర్చి చూడాలి. 2500 ఆర్‌పీఎం వద్ద చదరపు అంగుళానికి 3 పౌండ్లకు మించిన పీడనం సాధారణంగా అడ్డంకిని సూచిస్తుంది. గొట్టాన్ని మెల్లగా తట్టినప్పుడు లోపల గలగలమంటే దిమ్మె విరిగినట్లే. అయితే దానిని చెడగొట్టిన కారణాన్ని సరిచేయకుండా కొత్త కన్వర్టర్ బిగిస్తే అదీ నిలవదు. కాలని పెట్రోలు దిమ్మెను కరిగించేంత వేడిని పుట్టిస్తుంది. మండే ఇంజిన్ ఆయిల్, లోపలికి కారే కూలెంట్ దాని పూతను కప్పివేస్తాయి.

చట్టం, జాగ్రత్తలు

కన్వర్టర్‌ను తీసివేసి ఖాళీ గొట్టం అమర్చడం కాలుష్య నిబంధనలకు విరుద్ధం. ఉద్గార ప్రమాణాలను ఉల్లంఘించిన వాహనంపై మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద రూ.10,000 వరకు జరిమానా పడవచ్చు.

మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపరాదు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. కన్వర్టర్ పూర్తిగా చల్లారకముందే దానిని తాకరాదు. ఎండుగడ్డిపై వేడి కారును నిలిపితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. దీపం నిలకడగా వెలిగితే త్వరలో పరీక్ష చేయించాలి. అది మిణుకుమిణుకుమంటే వేగం తగ్గించి, వీలైనంత త్వరగా కారు ఆపాలి. తీవ్రమైన మిస్‌ఫైర్‌కు సంకేతమైన ఆ స్థితిలో కొద్ది దూరం నడిపినా కన్వర్టర్ పాడైపోవచ్చు.