సవర గోడచిత్రాలలో చిరుప్రాణులు: రూపకల్పన, ఆమోదం, ముద్దుదనం

సాలూరు దాటి కొరాపుట్టు వైపు ఘాట్ రోడ్డు ఎక్కితే కొంతదూరంలోనే రాష్ట్ర సరిహద్దు వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఆ సరిహద్దు లేదు. సాలూరు, పార్వతీపురం, గుణుపురం, కొరాపుట్టు అన్నీ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాకు చెందినవే. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సాలూరుకు ఈశాన్యంగా కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట కొండలలోను, సరిహద్దుకు ఆవల గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాలలోను సవరలు నివసిస్తున్నారు. వారి ఇంటిగోడల మీది బొమ్మలను రెండు రాష్ట్రాల చరిత్రలుగా విడదీసి చదవడం వల్లనే కొన్ని ప్రశ్నలు మరుగున పడ్డాయి. ఆ బొమ్మలలోని జంతువులు ఎవరి మెప్పుకోసం గీసినవి అన్నది అటువంటి ప్రశ్న.

నేడు ఈ జంతురూపాలను చూసినవారు తరచుగా చెప్పే మాట ‘ముద్దుగా ఉన్నాయి’ అని. కొమ్మ పట్టుకొని వేలాడే కోతి, గోడ వాలున పాకే బల్లి, ఒకదాని వెనుక ఒకటి నడిచే ఏనుగులు చూసినప్పుడు ఆ మాట అప్రయత్నంగానే వస్తుంది. అయితే ప్రాణిరూపాన్ని ముద్దుగా తీర్చే పద్ధతిగా ఆధునిక చిత్రకారులు పాటించే సూత్రాలు వేరు. జంతుప్రవర్తన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లో శిశురూప లక్షణాలను నిర్వచించాడు. శరీరానికి మించిన తల, ఎత్తైన నుదురు, పెద్ద కళ్లు, గుండ్రని బుగ్గలు చూసేవారిలో వాత్సల్యాన్ని రేపుతాయని అతని ప్రతిపాదన. చలనచిత్రాల జంతుపాత్రలు మొదలుకొని ఆటబొమ్మల వరకు ఈ సూత్రం మీదనే నడుస్తున్నాయి. సవర చిత్రంలోని ప్రాణి దీనికి పూర్తిగా ఎదురు. తల చిన్నది, ముఖకవళికలు లేవు, కాళ్లు పుల్లల వంటివి. కనుక ఇక్కడి ముద్దుదనం ముఖంలో వెదికితే దొరకదు. అది భంగిమలో ఉంది, గుంపులో ఉంది, చేస్తున్న పనిలో ఉంది.

ఈ చిత్రాలను విస్తారంగా నమోదు చేసినవాడు వెరియర్ ఎల్విన్. 1951లో వచ్చిన మధ్యభారత గిరిజన కళాగ్రంథంలోను, 1955లో వెలువడిన సవర మతగ్రంథంలోను అతడు చిత్రాలతోపాటు వాటిని గీయించిన సందర్భాలను కూడా ఇచ్చాడు. చిత్రాన్ని ‘ఇత్తలన్’ అని, గీసేవానిని ‘ఇత్తల్‌మరన్’ అని, పూనకంలో ఆత్మలతో మాట్లాడే పురుషుని ‘కురన్‌మరన్’ అని, స్త్రీని ‘కురన్‌బోయి’ అని అతడు రాసుకొన్నాడు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పంట కోసమో, చనిపోయినవారి గౌరవార్థమో చిత్రం వేయిస్తారు. ఎర్రమట్టితో అలికిన గోడ మీద, చివర నలిపిన పుల్లతో, బియ్యపుపిండి తెలుపుతో గీస్తారు. ముందుగా చుట్టూ అంచు గీసి తర్వాత లోపలికి నింపుకొంటూ వస్తారు. ఆ అంచే ఇల్లు. చిత్రం ఆత్మకు బస.

ఎల్విన్ వివరణలో అన్నిటికన్నా విలువైనది చిత్రం పూర్తయిన తర్వాతి ఘట్టం. పూనినవాని ద్వారా ఆత్మ వచ్చి చిత్రాన్ని పరిశీలిస్తుంది. ఏదైనా విడిచిపెడితే అడుగుతుంది, చేర్చమంటుంది. చిత్రకారుడు మార్చి గీస్తాడు. రూపకల్పన, పరిశీలన, సవరణ, ఆమోదం అనే క్రమం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ కళను ‘అమాయకమైన ఆదిమ సృజన’ అని మెచ్చుకొనే ధోరణి ఈ ఒక్క ఘట్టం ముందు నిలవదు. ఇంత కఠినమైన పరీక్షకుడు నేటి ఏ చిత్రకారునికీ ఉండడు.

ఏనుగు, గుర్రం ఆత్మలు ఎక్కి తిరిగే వాహనాలు. సవరకొండల నిటారు బాటలలో గుర్రం నిత్యం కనిపించే జంతువు కాదు. అది జమీందారుల, అధికారుల హోదాకు గుర్తు. కనుక గోడ మీది గుర్రాన్ని చూసి రాసిన రూపమనడం కన్నా కోరి రాసిన రూపమనడం సమంజసం. ఎల్విన్ నాటికి అదే స్థానంలోకి రైలు, విమానం, సైకిలు కూడా వచ్చాయి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలుమార్గం తర్వాతి దశాబ్దాలలో గుణుపురం దాకా సాగిందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది. గోడ మీది రైలు కూడా జంతువుల వరుసలో మరొక జంతువులాగానే నడుస్తుంది.

తెలుగు సాహిత్య పరిశోధకులకు ఈ విషయంలో ఒక దగ్గరి ఆధారం ఉంది. సవరభాషకు 1931లో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అందించిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడి నివాసి. ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి సవరల మీద ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో వ్యాసాలు రాశాడు. తెలుగు బాలగేయ రచయితగా ‘చిలకమ్మ పెండ్లి’ కూడా ఆయనదే. పేరులోనే తెలుస్తున్నట్లు అక్కడ పక్షికి మనిషి సంబరం అంటగట్టడం వల్ల ముద్దు పుడుతుంది. పంచతంత్రం మొదలు 1947లో ఆరంభమైన ‘చందమామ’ కథల దాకా తెలుగు జంతుపాత్రల ప్రధానమార్గం ఇదే: జంతువు మాట్లాడుతుంది, తగవు తీరుస్తుంది, పెళ్లి చేసుకొంటుంది. సవరగోడ మీది కోతి మాత్రం కోతిగానే ఉంటుంది. దానికి మనిషి పాత్ర ఇవ్వలేదు, మనిషి పక్కన చోటు ఇచ్చారు. మనిషీ జంతువూ ఒకే తెల్లగీతతో, దాదాపు ఒకే పరిమాణంలో నిలబడడం వల్ల కలిగే ఆప్యాయత వేరు రకమైనది. ఈ రెండు మార్గాలూ ఒకే ఇంటి అధ్యయనంలో పక్కపక్కన ఉన్నా, వీటిని కలిపి చూడవలసినంతగా తెలుగు విమర్శ చూడలేదు.

తర్వాతి మార్పు చిత్రకారుని చేతిలో కన్నా ఇంటిలోనే ముందుగా వచ్చింది. పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ప్రచురించిన గ్రంథంలో సవరలు మృతులతో జరిపే సంభాషణలను వివరించాడు. అదే సమాజంలో కొత్తతరం బాప్టిస్టు క్రైస్తవంలోకి వెళ్లి ఆ సంభాషణ ఆగిపోయిన తీరును 2017 నాటి గ్రంథంలో నమోదు చేశాడు. మృతుడు వచ్చి అడగనప్పుడు గోడ మీద బస అక్కరలేదు. బొమ్మ మాత్రం ఆగలేదు. గుడ్డ మీదికి, కాగితం మీదికి, ప్రభుత్వ భవనాల గోడల మీదికి చేరింది. దీనిని పతనమని శోకించడం తేలిక, అన్యాయం కూడా. కూలికి బదులు కుంచెతో బతికే అవకాశం గీసేవారికి చిన్నది కాదు. అయితే సవరణ చెప్పేవాడు మారాడన్నది నిజం. ఆత్మ ‘ఇంకా చేర్చు’ అనేది. చేతిసంచీ మీద స్థలం కొద్దిది, కొనేవానికి ఒక్క నెమలి చాలు. అంచు పోయి, గుంపు పోయి, ప్రాణి ఒంటరిగా మిగిలినప్పుడు భంగిమలోని ముద్దు చాలదు. అప్పుడే లోరెంజ్ చెప్పిన పెద్ద కళ్లు గీయవలసిన ఒత్తిడి మొదలవుతుంది.

2024 జనవరిలో ‘లాంజియా సౌర చిత్రకళ’కు ఒడిశా నుంచి భౌగోళిక గుర్తింపు లభించింది. సీతంపేట, కురుపాం కొండల సవరలు గీసే కోతిని, బల్లిని ఆ పేరు కింద లెక్కించాలా, వేరుగా నమోదు చేయాలా అన్నది ఇప్పుడు తేల్చవలసిన విషయం. అందుకు ముందు ఈవలి వైపు గ్రామాలలో మిగిలిన గోడలను అంచుతో సహా, గీయించిన సందర్భంతో సహా నమోదు చేయాలి. విడివిడి బొమ్మల పట్టిక అందుకు పనికిరాదు.