మాత్రలో ఇమడని పాట

మరియా సబినా పేరు నాకు మొదట తగిలింది వైద్య చరిత్రలో కాదు, కవిత్వంలో. అమెరికన్ కవయిత్రి ఆన్ వాల్డ్‌మన్ 1975లో తెచ్చిన 'ఫాస్ట్ స్పీకింగ్ వుమన్' అనే దీర్ఘకవిత నడక మెక్సికోలోని ఒక మసాతెక్ ఆదివాసీ స్త్రీ పాటల నుంచి తీసుకున్నది. ఆ సంగతి కవయిత్రే చెప్పింది. పిహెచ్‌డి రోజుల్లో ఒక సెమినార్‌లో ఆ కవిత మీద చర్చ జరిగినప్పుడు 'స్త్రీ గొంతు' అనే మాట గంటలో ఇరవైసార్లు వినబడి ఉంటుంది. ఆ గొంతుది ఏ ఊరు, ఆ పాట ఎవరి జబ్బు నయం చేయడానికి పుట్టింది అన్న ప్రశ్న మాత్రం ఆ గదిలో రాలేదు.

ఇప్పుడామె పేరు ఇంకో దారిన తిరిగొచ్చింది. పుట్టగొడుగుల్లో ఉండే సైలోసిబిన్ అనే పదార్థంతో డిప్రెషన్‌కీ, కాన్సర్ రోగుల మరణభయానికీ చికిత్స చేయొచ్చని పెద్ద యూనివర్సిటీలు పరిశోధిస్తున్నాయి. షమన్ల పాత విద్య, ఆధునిక మనస్తత్వశాస్త్రం చివరికి చేతులు కలిపాయని వ్యాసాలొస్తున్నాయి. వాటిలో మరియా సబినాకి సాధారణంగా ఒక పేరా దక్కుతుంది, దానితో పాటు ముడతలు పడిన ముఖం ఉన్న ఒక ఫోటో. ఆ పేరా చుట్టూ ఏముందో చూద్దామనే ఈ వ్యాసం.

ఆమె 1894లో ఒహాకా రాష్ట్రంలోని వౌట్లా అనే కొండ ఊరి దగ్గర పుట్టింది. పసితనంలోనే తండ్రి పోతే తల్లి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి చేరింది. కొండ మీద అక్కచెల్లెళ్ళిద్దరూ ఆకలికి తాళలేక పుట్టగొడుగులు తిన్నారు. పద్నాలుగేళ్ళకి కాపురం, ముగ్గురు పిల్లలు, ఆ భర్త జబ్బుచేసి పోవడం. రెండో భర్త కూడా వైద్యుడే. తాగేవాడు, కొట్టేవాడు. అతనితో కాపురం చేసినన్నాళ్ళూ ఆమె తన విద్య బయటపెట్టలేదు. అతను పోయాకే పూర్తిగా వైద్యంలోకి వచ్చింది. ఆమెని 'ఆదిమ జ్ఞానానికి ప్రతీక' అని రాసేవాళ్ళు ఈ భాగాన్ని గబగబా దాటేస్తారు. ఒక ఆడమనిషి తన విద్యని మొగుడికి తెలియకుండా ఎన్నేళ్ళు దాచుకోవాల్సి వచ్చిందన్నది నాకు మాత్రం పాట కంటే తక్కువ విషయంగా అనిపించదు.

ఈ వివరాలన్నీ మనకి అందింది అల్వారో ఎస్త్రాదా వల్ల. ఆయన కూడా వౌట్లా మనిషే, మసాతెక్ మాట్లాడేవాడే. ఆమె చెప్పింది ఆమె భాషలోనే రికార్డు చేసి 1977లో స్పానిష్‌లో పుస్తకంగా తెచ్చాడు. ఆమెకి స్పానిష్ రాదు, చదువూ రాదు. అలాంటి మనిషి చెప్పుకున్న దర్శనంలో ఉన్నది ఒక పుస్తకం! చెల్లెలు మరియా అనా చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఎక్కువ పుట్టగొడుగులు తిని కూర్చుంటే, పెద్దల్లాంటి కొందరు బల్ల చుట్టూ కనిపించారట. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం మనిషంత ఎత్తు పెరిగిందట. అది తనదేనన్నారట. తర్వాత పుస్తకం మాయమైనా అందులోని భాష తనలో ఉండిపోయిందని ఆమె చెప్పింది. దీన్ని మనస్తత్వశాస్త్రం ప్రతీక అంటుంది, అచేతనం అంటుంది. కాగితం చేతిలో ఉన్నవాళ్ళు, అంటే గుమాస్తా, పోలీసు, పాద్రీ, తన మీద చేసే పెత్తనాన్ని రోజూ చూసిన నిరక్షరాస్య స్త్రీ తనకీ ఒక పుస్తకం ఉందని అనడంలో అంతకంటే సూటి అర్థం ఉందని నా అభిప్రాయం.

ఆమె చేసేదాన్ని స్పానిష్‌లో 'వెలాదా' అంటారు. మన జాగారం అన్న మాట దానికి దగ్గరగా సరిపోతుంది. చీకటిపడ్డాక రోగి, ఇంటివాళ్ళు ఒక గదిలో చేరతారు. పుట్టగొడుగుల్ని జతలు జతలుగా తింటారు. దీపం ఆర్పేస్తారు. రోగి తిన్నా తినకపోయినా వైద్యం చేసే మనిషి తినితీరాలి. ఎందుకంటే జబ్బు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళాల్సింది ఆమె. తెల్లవారేదాకా పాడేదీ ఆమే. ఆ పాటలో చాలా పాదాల చివర 'అంటోంది' అనే అర్థం వచ్చే చిన్న మాసాతెక్ మాట ఒకటి పడుతూ ఉంటుంది. పలికేది నేను కాదు, ఆ 'పవిత్ర బాలలు' అని దాని భావం. పుట్టగొడుగుల్ని ఆమె అలాగే పిలిచేది. తెలుగులోకి తెచ్చుకుంటే ఏం రాయాలని చాలాసేపు ఆలోచించాను. 'అట' అంటే పుకారైపోతుంది, 'అంటోంది' అంటే ఎవరో మూడో మనిషి వచ్చి కూర్చుంటుంది. ఆమెని ఏమని పిలవాలన్నదీ అంత తేలిక కాదు. భూతవైద్యం అంటే తప్పు, సోది అంటే చిన్నచూపు. మంత్రసాని అన్న మాటలో మంత్రం ఉంది, స్త్రీ ఉంది, పని ఉంది, కానీ ఆ పని వేరు. మసాతెక్‌లో ఇలాంటివాళ్ళని 'తెలిసిన మనిషి' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. నేను దానితోనే సరిపెట్టుకున్నాను.

1955 జూన్ 29 రాత్రి జె.పి. మోర్గాన్ బ్యాంకు వైస్ ప్రెసిడెంట్ గోర్డన్ వాసన్ ఆమె జాగారంలో కూర్చున్నాడు. తీసుకొచ్చింది ఊరి అధికారి కాయెతానో గార్సియా. అధికారి అడిగితే కాదనలేకపోయానని ఆమె తర్వాత చెప్పింది. వాసన్‌కి జబ్బేమీ లేదు. దూరాన ఉన్న కొడుకు గురించి బెంగగా ఉందని ఒక కారణం చూపించాడు. 1957 మే 13 'లైఫ్' పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. అందులో ఆమె పేరు మార్చాడు గానీ ముఖం దాచలేదు.

ఈ కథలో రెండో స్త్రీ ఒకరున్నారు. వాసన్ భార్య వాలెంటీనా పావ్లోవ్నా, రష్యాలో పుట్టిన పిల్లల డాక్టరు. అసలు పుట్టగొడుగుల పిచ్చి ఆమెదే. 1927లో కాట్‌స్కిల్ కొండల్లో ఆమె సంబరంగా అడవి పుట్టగొడుగులు ఏరుతుంటే భర్త విషమేమోనని హడలిపోయాడట. ఆ తేడా ఎందుకొచ్చిందన్న ఆలోచనే భార్యాభర్తల ముప్పై ఏళ్ళ పరిశోధన. 'లైఫ్' వ్యాసం వచ్చిన ఆరు రోజులకి, మే 19న, ఆమె తన అనుభవాన్ని 'దిస్ వీక్' అనే పత్రికలో రాసింది. మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలకీ, మానసిక జబ్బులకీ, తీవ్రమైన నొప్పితో చావుకి దగ్గరైనవాళ్ళకీ ఈ పదార్థం పనికిరావచ్చని ఊహించింది. ఈనాటి క్లినిక్‌ల కార్యక్రమం అంతా దాదాపు ఆ జాబితాలోనే ఉంది. 1958 చివర్లో ఆమె కాన్సర్‌తో చనిపోయింది. చరిత్రలో 'వాసన్' అంటే ఒక్కరే మిగిలారు.

అదే 1958లో స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ పుట్టగొడుగుల నుంచి సైలోసిబిన్‌ని విడదీశాడు. 1962లో ఆయన వౌట్లా వెళ్ళి ఆ మాత్రలు మరియా సబినాకే ఇచ్చాడు. ఈ ఘట్టం నాకు చాలా ఇష్టం. పట్నం మందుని గ్రామీణ స్త్రీ ఛీకొడుతుందని ఆశించేవాళ్ళకి ఇది రుచించదు. ఆమె మింగింది, పాడింది, తెల్లారాక పుట్టగొడుగుల్లో ఉన్న శక్తే వీటిలోనూ ఉందంది. పుట్టగొడుగులు దొరకని కాలంలో కూడా వైద్యం చేయొచ్చని సంతోషించింది. సేక్రెడ్ హార్ట్ సోదరీ సంఘంలో సభ్యురాలిగా ఉంటూ జాగారాలు చేసిన మనిషికి రెండింటిని కలపడం కొత్తేమీ కాదు. కలయికకి అడ్డు ఆమె వైపు నుంచి రాలేదు.

ఆమె పాట లేకుండా మాత్ర పనిచేస్తుందని అనుకున్నది అవతలి వైపు. ఆ వైపున ఉన్న మనస్తత్వశాస్త్రం కూడా ఒకే రకం కాదు. 1956లో వాసన్ బృందంతో వౌట్లా వచ్చిన జేమ్స్ మూర్ అనే రసాయన శాస్త్రవేత్త సిఐఎ కోసం పనిచేస్తున్నాడు. మనుషుల మనసుని లొంగదీసే మందుల కోసం ఆ సంస్థ నడిపిన ఎంకె అల్ట్రా ప్రాజెక్టు డబ్బు ఆ యాత్రలో ఉంది. తర్వాత మెక్సికో సిటీ సైకియాట్రిస్టు సాల్వదోర్ రోకెట్ ఆమె జాగారాల్లో కూర్చుని, దానికి ఫ్రాయిడ్‌ని జోడించి సామూహిక చికిత్సలు నడిపాడు. రోగుల్ని మొదట భయంతో విరగ్గొట్టాలన్నది ఆయన పద్ధతి. జాగారంలో ఆమె చేసే పని దీనికి సరిగ్గా తలకిందులు. 1974లో పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు.

అరవైల చివర్లో హిప్పీలు గుంపులుగా కొండెక్కారు. పుట్టగొడుగులు పగలు తిన్నారు, వీధుల్లో తిన్నారు. సైన్యం దారి మూసింది. పోలీసులు ఆమె మీద మత్తుమందులు అమ్ముతోందని నింద వేశారు. ఆమె ఇల్లు, చిన్న కొట్టు ఎవరో తగలబెట్టారు. పరాయివాళ్ళు వచ్చినప్పటి నుంచి పవిత్ర బాలలకి బలం పోయిందని ఆమె ఎస్త్రాదాతో చెప్పింది. ఇక్కడ అందరూ ఉటంకించేది ఈ మాటనే, కాస్త కన్నీళ్ళు కలిపి. దానికి ముందు ఆమె అన్నది ఇంకా పదునైనది. వాసన్ రాకముందు దేవుడిని వెతకడానికని ఎవరూ వీటిని తినేవాళ్ళు కాదు, జబ్బు తగ్గడానికే తినేవాళ్ళు అని ఆమె ఫిర్యాదు. 1985లో ఆమె చనిపోయింది.

ఇక క్లినిక్. 2006లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 36 మంది మీద ప్రయోగం ప్రచురించింది. వాళ్ళంతా ఆరోగ్యవంతులు. కొలిచింది ఆధ్యాత్మిక అనుభూతిని. 2016లో అక్కడే 51 మంది, న్యూయార్క్ యూనివర్సిటీలో 29 మంది కాన్సర్ రోగుల మీద వచ్చిన ఫలితాలు నిజంగా ఆశ పుట్టించేవి. చాలామందిలో దిగులు, భయం నెలల తరబడి తగ్గాయి. ఆ మనుషుల ఊరటని నేను చులకన చేయలేను. కానీ ఆ గదిని జాగారం పక్కన పెట్టి చూడండి. రోగి సోఫా మీద పడుకుని కళ్ళకి గంతలు, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది. పాట ముందే రికార్డయి ఉంటుంది, ఎక్కువగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. పక్కన కూర్చున్న ఇద్దరు గైడ్లు మాత్ర వేసుకోరు, పాడరు. ఇంటివాళ్ళు గదిలో ఉండరు. జబ్బుని వెతుక్కుంటూ వెళ్ళే పని పూర్తిగా రోగి మీద పడింది. వౌట్లాలో ఆ బరువు ఒక స్త్రీ తన ఒంటిమీద, తన గొంతుమీద వేసుకునేది. పేటెంట్ కాగితాల్లో ఉన్నది పదార్థం గురించి. ఈ శ్రమని ఏమని రాయాలో ఆ కాగితాలకి తెలియదు.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2020లో ఓటు వేసి సైలోసిబిన్ సేవలకి అనుమతి తెచ్చుకుంది. 2023లో కేంద్రాలు తెరిచారు. వెళ్ళేవాళ్ళకి 21 ఏళ్ళు నిండి ఉండాలి. జబ్బు ఉందని ఏ డాక్టరూ రాసివ్వనక్కర్లేదు.