మంత్రసానుల జ్ఞానము, సంఘము మౌనము: ప్రసూతి నర్సింగు విద్య చరిత్రపై ఒక పరిశీలన

నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఫరో పేరు లేదు. కాని షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానుల పేర్లు ఉన్నాయి. రాజాజ్ఞ కంటె దేవునికి భయపడి శిశువులను బ్రతకనిచ్చిన స్త్రీలను లేఖనము పేరు పెట్టి జ్ఞాపకము చేసుకుంది. మన సంఘ చరిత్రలు మాత్రము దీనికి భిన్నముగా నడిచాయి. మిషను ఆసుపత్రుల గూర్చి వ్రాసేటప్పుడు పునాదిరాయి తేదీ, దాతల పేర్లు వ్రాస్తాము. అక్కడ నర్సింగు విద్యార్థినులు ఏ జ్ఞానమును నేర్చుకున్నారో వ్రాయము. ఈ వ్యాసములో ఆ లోటును కొంతవరకైనా పూరింప ప్రయత్నిస్తాము.

పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పొందిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చారు. మొదట ఆమెకు అప్పగింపబడినది వైద్యము కాదు. జెనానా పరిచర్య, బోధన. ఆమె పట్టు విడువలేదు. 1898లో స్త్రీల కొరకు ఆసుపత్రి తెరువబడింది. 1930లో ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు.

వేలూరు చరిత్ర మనలో చాలమందికి తెలిసినదే. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ప్రసవవేదనలో ఉన్న తమ భార్యల కొరకు ఐడా స్కడ్డర్‌ను పిలిచారు. ఆమె అప్పటికి వైద్యురాలు కాదు. వైద్యుడైన ఆమె తండ్రి సిద్ధముగా ఉన్నా, పురుషుడు తమ స్త్రీలను ముట్టకూడదని వారు వెళ్లిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఊరిలో వైద్యుడున్నాడు, తెలిసిన స్త్రీ లేదు. ఆమె వైద్యము చదివి వచ్చి, 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ఆరంభించారు. 1946లో అక్కడ నర్సింగు పట్టా కోర్సు కూడ మొదలైంది.

అయితే ఒక హెచ్చరిక అవసరము. మిషనెరీ కథనములలో గ్రామ మంత్రసాని తరచుగా మురికికి, అజ్ఞానమునకు గుర్తుగా కనబడుతుంది. కాని 1840లలో వియన్నా ఆసుపత్రిలో, మంత్రసానులు కాన్పు చేసిన విభాగములో కంటె వైద్య విద్యార్థుల విభాగములోనే సూతికా జ్వరముతో ఎక్కువమంది తల్లులు చనిపోయారు. శవపరీక్ష చేసిన చేతులతోనే వారు కాన్పులు చేస్తున్నారని సెమ్మెల్వైస్ గ్రహించి, 1847లో క్లోరిన్ ద్రావణముతో చేతులు కడిగించగా మరణాలు బాగా తగ్గాయి. కాబట్టి తప్పు మంత్రసాని కులములోను, దేశములోను లేదు; కడగని చేతిలో ఉంది.

అదే 1847లో జేమ్స్ సింప్సన్ ప్రసవవేదనకు క్లోరోఫారము వాడినప్పుడు, ఆదికాండము 3:16 చూపి అభ్యంతరపెట్టినవారికి ఆయన లేఖనములతోనే జవాబు వ్రాశారు. దేవుడు ఆదామునకు గాఢనిద్ర కలుగజేసిన సంగతిని (2:21) ఎత్తి చూపారు.

నేటి నర్సింగు విద్యార్థిని నేర్చుకునేది ఇదే ధోరణిలోని జ్ఞానము: బిడ్డ పుట్టిన నిమిషములోపు పది యూనిట్ల ఆక్సిటోసిన్ ఇచ్చి రక్తస్రావమును అరికట్టుట, గుర్రపువాతమునకు మెగ్నీషియం సల్ఫేటు ఇచ్చుట, కాన్పుకు కాన్పుకు మధ్య ఎడము గూర్చి దంపతులకు చెప్పుట. మన దేశములో లక్ష సజీవ జననములకు తల్లుల మరణాలు 2001–03లో 301 కాగా, 2018–20 నాటికి 97కి తగ్గాయి. ఆసుపత్రి కాన్పులు, రక్తనిధులు, రవాణా, వీటన్నిటితోపాటు నర్సుల చేతులు కూడ దీనికి కారణము.

ఇక్కడ మా తప్పును ఒప్పుకోవాలి. పరిచర్య తొలి సంవత్సరములలో ఒక ఇంట కాన్పైన స్త్రీకి రక్తము ఆగడము లేదని మమ్మును పిలిచారు. మేము చాలసేపు ప్రార్థించాము. బండి కట్టించమని మాత్రము చెప్పలేదు. ఆడవారి సంగతి మనకెందుకని సిగ్గుపడ్డాము. తరువాత ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. ఆ బిడ్డకు మేమే బాప్తిస్మమిచ్చాము. తల్లి సమాధి దగ్గరా మేమే వాక్యము చదివాము. ప్రార్థన తప్పు కాదు, మౌనము తప్పు.

కాబట్టి సేవకులకు, వేదాంత విద్యార్థులకు మా మనవి. మీ సంఘములోని నర్సును స్త్రీల కూడికకు పిలిచి, గర్భవతిలో కనబడే ప్రమాద సూచనలను చెప్పించండి. పెండ్లి ముందు ఇచ్చే ఉపదేశములో భర్తలకు కూడ అవి తెలియజేయండి. ఆదికాండము 3:16ను స్త్రీ బాధను సమర్థించుటకు వాడకండి. షిఫ్రా, పూయాల పేర్లు లేఖనములో నిలిచినట్లు, మన నర్సుల పేర్లు కూడ మన సంఘ చరిత్రలలో నిలువనివ్వండి.