రాయ్ కృష్ణదాసు – భారత కళాభవనము

కళావస్తువులను కూడబెట్టినవారు మన దేశమున ఎందరో కలరు. కూడబెట్టినదానిని తనది కాదని విడువగలిగినవారు కొందరే. కాశీనగరమున భారత కళాభవనమును స్థాపించి, చిరకాలము దాని నడిపిన రాయ్ కృష్ణదాసు (1892–1980) ఆ కొందరిలో అగ్రగణ్యులు.

సంపన్నకుటుంబమున జన్మించిన ఆయన తొలుత సాహిత్యమున పేరొందిరి. హిందీ గద్యకావ్యములలో ఆయన ‘సాధన’కు విశిష్టస్థానము కలదు. జయశంకర ప్రసాదు, మైథిలీశరణ గుప్త ఆయనకు ఆప్తమిత్రులు.

ఆ కాలమున పాత సంస్థానముల, శ్రీమంతుల ఇండ్ల వైభవము క్షీణించుచుండెను. సచిత్రములైన వ్రాతప్రతులు ఊడదీయబడి, ఒక్కొక్క పత్రముగా వర్తకుల చేతులలో పడుచుండెను. పత్రము తరలిపోయిన, బొమ్మతోపాటు కథయు తెగిపోవును. పోయినదానిని మరల కూర్చుట ఎవరి తరము?

1920లో ఆయన భారతీయ కళాపరిషత్తును స్థాపించిరి. రవీంద్రనాథ ఠాకూరు దానికి అధ్యక్షులైరి. 1929లో ఆ సంగ్రహము నాగరీ ప్రచారిణీ సభ ఆశ్రయమునకు చేరెను. భాషాసేవకై వెలసిన సభలో శిల్పములకును చిత్రములకును చోటు దొరకెను. 1950లో అది కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు సమర్పింపబడెను. ఆ యేడే జవాహర్‌లాల్ నెహ్రూ నూతనభవనమునకు శంకుస్థాపన చేసిరి. 1962లో సంగ్రహము ఆ భవనమున ప్రవేశించెను. అడుగడుగునకు స్థాపకుని స్వాతంత్ర్యము తగ్గెను. సంగ్రహమునకు ఆయువు పెరిగెను. ఈ మార్పిడిని ఆయన తెలిసియే అంగీకరించిరి.

గుప్తకాలపు గోవర్ధనధారి విగ్రహము, ముల్లా దావూద్ ‘చందాయన్’ కథకు చెందిన చిత్రపత్రములు, మొగలాయి, రాజస్థానీ, పహాడీ చిత్రములు నేడును అచ్చట చూడవచ్చును. అయితే వస్తువును గాజు వెనుక నిలిపినంతనే చూపరికి చూపు రాదు. ఇది యెరిగియే ఆయన 1939లో ‘భారత్ కీ చిత్రకలా’, ‘భారతీయ మూర్తికలా’ అను గ్రంథములను హిందీలో వెలువరించిరి. ఆంగ్లము రాని పాఠకునకును తన దేశపు కళ తెలియవలయుననుట వాని ఫలము.

ఒక్కని అభిరుచిపై పెరిగిన సంగ్రహమున ఆ అభిరుచి ముద్ర తప్పదు. భారత కళాభవనమునను అది కలదు. కాని సంగ్రాహకునితోనే సంగ్రహము చెదరిపోయిన ఉదంతములు అనేకములు. 1980లో ఆయనకు పద్మవిభూషణ బిరుదము లభించెను. ఆ యేడే ఆయన కన్నుమూసిరి. భవనము తలుపులు మాత్రము మూతపడలేదు. సంచాలకుని సమర్థతకు అంతకంటె వేరు ప్రమాణము అక్కరలేదు.