ఒక్క రైలుదారి గల ఊళ్లు

గుంతకల్లు జంక్షనులో వేరుసెనగ బస్తాలు వ్యాగనులకెక్కుట చూచి పెరిగిన నాకు, మన సీమవలెనే వాన చాలని ఈ మాంటానా మైదానమున కాపురముండ వచ్చిన తొలినాళ్లలో, గోధుమ పొలముల నడుమ ఒంటిగా నిలిచిన ధాన్యపు గాదెయు, దాని పాదమునొరసికొని పోవు ఒకే ఒక్క రైలుదారియు స్వగ్రామమును స్ఫురింపజేసినవి. ఆ దారి బాడుగ పెరిగినచో ఆ రైతునకు వేరు గతి లేదు. ఈ అమెరికా దేశమున 150 ఏండ్లుగా నడచుచున్న వివాదమునకు మూలమిదియే.

షికాగో, న్యూయార్కుల నడుమ పలు కంపెనీలు పోటీపడుటచే అచట బాడుగ తగ్గెడిది. తమ బండి తప్ప దిక్కులేని నడిమి పల్లెలనుండి అవే కంపెనీలు అధికముగా గుంజెడివి. కావున తక్కువ దూరము సరకు పంపువాడే ఎక్కువ చెల్లించు విపరీతము సంభవించెను. 1867లో వెలసిన గ్రేంజి అను కర్షకసంఘము దీనిపై ఉద్యమించి రాష్ట్రములచే శాసనములు చేయించినది. ప్రజాహితముతో ముడివడిన వ్యాపారమును ప్రభుత్వము నియంత్రింపవచ్చునని 1877లో మన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తొమ్మిదేండ్లకు ఆ కోర్టే, రాష్ట్రముల ఎల్లలు దాటు సరకుపై రాష్ట్రములకధికారము లేదనెను. అందుచే 1887లో కేంద్రచట్టమును అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషనును పుట్టినవి. గరిష్ఠపు రేటు నిర్ణయించు శక్తి మాత్రము కమిషనునకు 1906లో గాని చేకూరలేదు.

కంపెనీల పక్షమునను న్యాయము లేకపోలేదు. లారీల పోటీయు, కట్టడి ధరలును నలుపగా పెన్ సెంట్రల్ వంటి మహాసంస్థ 1970లో దివాలా తీసెను. 1980 నాటి స్టాగర్స్ చట్టము కట్లు సడలించిన పిదప పట్టాలు బాగుపడినవి, సగటు బాడుగయు తగ్గినది. కాని సగటు లెక్కలో ఒంటిదారి ఊరి గోడు వినబడదు. బాడుగ చరవ్యయములో 180 శాతమును మించిననే గాని ఆ కమిషను స్థానమున నేడున్న ఉపరితల రవాణా బోర్డు విచారింపజాలదు, వ్యాజ్యమన్ననో బహువ్యయసాధ్యము. పైగా బాడుగ కట్టునది గాదె యజమాని. అతడు దానిని ధాన్యపు ధరలో కోసికొనగా భరించునది రైతు. నష్టపడినవాని పేరు రసీదుపైననే ఉండదు.

ఇక మన సీమ సంగతి. 2020 సెప్టెంబరు 9న అనంతపురమునుండి ఢిల్లీ ఆదర్శనగరునకు, పండ్లు కూరగాయలు మోయు దక్షిణదేశపు తొలి కిసాన్ రైలు కదలినదని చదివి పొంగిపోయితిని. అక్టోబరునుండి బాడుగలో సగము రాయితీ యిచ్చిరి, మంచిదే. కాని రాయితీ బడ్జెటుతో వచ్చి బడ్జెటుతో పోవును. చీనీ (బత్తాయి) మొక్క నాటినవాడు కాపుకే నాలుగైదేండ్లు వేచియుండవలెను. బాడుగ న్యాయమో కాదో నిలదీయు చోటు అతనికి కావలెను. 1989 నాటి రైల్వే చట్టము 36వ సెక్షను అట్టి ఫిర్యాదుకు అవకాశమిచ్చినది. ఆ ఫిర్యాదులు వినుచుండిన మద్రాసులోని రైల్వే రేట్ల ట్రిబ్యునలును 2017లో రైల్వే క్లెయిముల ట్రిబ్యునలున కలిపివేసిరి. మన చీనీరైతుల సంఘములు ఆ సెక్షనును చదివించుకొని, నేటినుండియే ప్రతి బాడుగ రసీదును భద్రపరచవలెనని నా మనవి.