తిమింగలం కండ, గుర్రం గుండె

కూర్చో నాయనా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. రెప్పపాటు కూడా పట్టని పని గురించి చెబుతా. చెప్పడానికి మాత్రం నాకు చాలాసేపే పడుతుంది.

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అక్కడ మాంసానికి రేషను, 1954 దాకా. తిమింగలం మాంసానికి కార్డు అక్కర్లేదు, అయినా జనం ముక్కు మూసుకునేవారు. కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ అనే ఆయనకు మాత్రం అదే కావలసొచ్చింది. తినడానికి కాదులే! కండలో ఆక్సిజన్‌ను దాచే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కోసం. దాన్ని స్ఫటికాలుగా చేసి, ఎక్స్-రేలతో దాని ఆకారం తేల్చాలని. ముందు గుర్రం గుండెలోంచి తీశాడు. స్ఫటికాలు మరీ చిన్నవి, ఎక్స్-రే చిత్రానికి ఆనలేదు. ఏ పుట్టలో ఏ పాముందో అని నీళ్లలో మునిగే జంతువుల వెంట పడ్డాడు. ఊపిరి బిగబట్టే జీవాల కండలో ఆ సరుకు దండిగా ఉంటుంది మరి. చివరికి పెరూ నుంచి వచ్చిన తిమింగలం మాంసంతో ఆయన పంట పండింది.

కెండ్రూ బృందం ఓపిక చూడు. ఎక్స్-రేలు ఫిల్ము మీద వేసిన మచ్చలు ఒక్కొక్కటీ కొలవాలి. లెక్కలు కట్టడానికి గదంతా ఆక్రమించిన ఎడ్సాక్ కంప్యూటరు. చివరికి రెండున్నర వేల నిలువు కడ్డీలు పాతి, వాటికి రంగురంగుల క్లిప్పులు తగిలించి ప్రోటీన్ ఆకారం తేల్చారు. 1962లో కెండ్రూకు, ఆయన తోటి శాస్త్రవేత్త మాక్స్ పెరుట్జ్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు.

అంతా బాగుంది కానీ, ఆక్సిజన్ కూర్చునే ఇనుము ఎక్కడో లోపలుంది, అక్కడికి దారే లేదు. ద్వారబంధం లేని ఇల్లు! మరి చుట్టం ఎలా వచ్చి పోతున్నాడు? గోడలే కదిలి దారిస్తున్నాయని ఊహించారు. చూసిందెవరు?

కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లకు మూడు కిలోమీటర్ల ఎలక్ట్రాన్ యంత్రముంది. దాని చివరి కిలోమీటరు వాడుకుని 2009లో ఎక్స్-రే లేజర్ వెలిగించారు. ఖర్చు 40 కోట్ల డాలర్ల పైమాటే. కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వకు, వీళ్లు పట్టాలనుకున్నది ఎలుక కంటే చాలా చిన్నది. అన్నట్టు, ఆ విశ్వవిద్యాలయం పెట్టిన స్టాన్‌ఫర్డ్ దొరే 1878లో, పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయా లేదా తేలాలని వరసగా కెమెరాలు పెట్టించి ఫొటోలు తీయించాడు. డబ్బున్నవాళ్ల సరదాలు! సరే, గుర్రం దిగుతా.

సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోసెకను. ఈ లేజర్ మెరుపు అలాంటివి కొన్ని పదులుంటుంది, అంతే. తగిలిన స్ఫటికం పేలిపోతుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా, పేలేలోపే బొమ్మ పడిపోతుంది. ఒక్కో స్ఫటికం ఒక్క బొమ్మకే సరి. అందుకే వాటిని సన్నటి ధారలో కలిపి వదులుతారు. అప్పట్లో మెరుపులు సెకనుకు 120. మధ్యలో కారిపోయినవి కారిపోయినట్టే. మా అమ్మ చూసుంటే కొంప మునిగిందని గోల పెట్టేది.

ఇక్కడ చిన్న స్ఫటికాలే ముద్దు. 2015లో అచ్చయిన ప్రయోగానికి మళ్లీ గుర్రం గుండె మయోగ్లోబినే తెచ్చారు, కెండ్రూ వద్దన్నదే! ఆక్సిజన్ కూర్చునే ఆ ఇనుముకు, దాని బదులు కార్బన్ మోనాక్సైడును తగిలించి, మామూలు లేజర్‌తో దాన్ని ఊడగొట్టి, లవలేశం ఆగి ఎక్స్-రే మెరుపు వదిలారు. ఆ ఆగడాన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోయారు. 500 ఫెమ్టోసెకన్లలోపే ప్రోటీన్‌లో మెలితిరిగిన భాగాలు కొన్ని ఇనుమున్న చోటు నుంచి దూరం జరిగాయి, కొన్ని దగ్గరికొచ్చాయి. తెగిన చోటే కాదు, ఇల్లంతా కదిలింది.

ఊడిన ఆ మోనాక్సైడు చుట్టం మాత్రం అప్పటికి గడపైనా దాటలేదు, ఇనుము పక్కనే నక్కి ఉన్నాడు.